పికప్ బండి ముందు టైరు: అరుగుదల అసలు ఎక్కడ మొదలవుతుంది

బోయిన్‌పల్లి మార్కెట్‌కు తెల్లవారకముందే కూరగాయలు చేర్చే బండ్లయినా, కాటేదాన్, జీడిమెట్ల, చర్లపల్లి వాడల నుంచి ఇనుము, ప్లాస్టిక్, ఫర్నిచర్ మోసే బండ్లయినా, హైదరాబాద్‌లో పికప్‌ల యజమానుల నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. బరువంతా వెనక తొట్టిలో ఉంటే, ముందుగా పోయేది ముందు టైర్లు. అందులోనూ ఎడమ చక్రానిది, అందులోనూ దాని బయటి అంచు, మధ్యలో గీతలు ఇంకా లోతుగా కనిపిస్తుండగానే గుండైపోతుంది. దీనికి సాధారణంగా రెండు కారణాలు చెబుతారు: ఓవర్‌లోడ్, లేదా టైరు కంపెనీ నాసిరకం. రెండింటికీ కొంత పాత్ర ఉండవచ్చు. కానీ ఒకే టైరులో ఒక అంచు గుండై, మరో అంచు కొత్తదానిలా మిగిలితే, ఆ తేడాను బరువు గానీ రబ్బరు నాణ్యత గానీ వివరించలేవు. ఆ టైరు దొర్లిన దూరం వల్ల అరగలేదు, పక్కకు ఈడ్చబడడం వల్ల అరిగింది. ముందు టైరు జీవితానికి సంబంధించిన దాదాపు ప్రతి విషయమూ ఈ ఒక్క సంగతి దగ్గరికే వస్తుంది.

తిన్నగా దొర్లే చక్రం కింద రబ్బరు రోడ్డును తాకుతుంది, బరువు మోస్తుంది, పైకి లేస్తుంది. ఈ క్రమంలో రాపిడి చాలా తక్కువ. వెనక చక్రాలు ఎక్కువ భాగం ఇలాగే నడుస్తాయి, ఇంజన్ తోపు, బ్రేకుల ఒత్తిడి వల్ల వాటికి వచ్చే అరుగుదల టైరు వెడల్పంతా ఇంచుమించు సమానంగా ఉంటుంది. ముందు చక్రం పని వేరు. బండిని తిప్పాలంటే అది తాను చూస్తున్న దిశకూ, బండి వాస్తవంగా పోతున్న దిశకూ మధ్య చిన్న కోణం ఏర్పరచుకోవాలి, ఆ కోణంలోంచే పక్కకు లాగే బలం పుడుతుంది. అంటే మలుపులో ముందు టైరు కొంత పక్కకు రాసుకోక తప్పదు. సమస్యంతా మలుపు లేని చోట కూడా ఆ రాపిడి కొనసాగడంలో ఉంది, మలుపులో అవసరానికి మించి జరగడంలో ఉంది.

మొదటిదానికి ప్రధాన కారణం టో. పైనుంచి చూసినప్పుడు రెండు ముందు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ, వెనక అంచుల మధ్య దూరానికీ ఉండే తేడా ఇది. చాలా పికప్‌ల టైరు వ్యాసం 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. టో కేవలం 3 మిల్లీమీటర్లు తప్పిందనుకుంటే, ఒక్కో చక్రం వాటాకు 1.5 మిల్లీమీటర్లు వస్తుంది. 700కు 1.5 చొప్పున లెక్క వేస్తే, బండి ఒక కిలోమీటరు ముందుకు పోయేసరికి ఆ చక్రం 2 మీటర్లకు పైగా పక్కకు పోవాలని చూస్తుంది, కానీ బండి దాన్ని పోనివ్వదు. 10,000 కిలోమీటర్లకు ఇది 21 కిలోమీటర్లు. ఇందులో కొంత భాగం రబ్బరు సాగి సర్దుకుంటుంది కాబట్టి అంతా రాపిడి కాదు, అయినా మిగిలేది తక్కువేమీ కాదు. స్టీరింగ్ పట్టుకున్న డ్రైవరుకు ఈ 3 మిల్లీమీటర్లు ఏ విధంగానూ తెలియవు. రెండు చక్రాలూ ఒకదానికొకటి ఎదురుగా లాగుతుంటాయి గనుక బండి ఏ పక్కకూ పోదు, తిన్నగానే నడుస్తుంది. బండి తిన్నగా పోతోంది కాబట్టి అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల అమరిక, బాగానే ఉందన్న నమ్మకం ఎన్నో టైర్లను మింగింది.

దీన్ని కనిపెట్టడానికి యంత్రం అక్కర్లేదు, అరచేయి చాలు. టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి ఆపి, రోడ్డుకు తాకే ముఖం మీద చేతిని బయటి అంచు నుంచి లోపలి అంచుకు, మళ్లీ లోపలి నుంచి బయటికి నెమ్మదిగా రాయాలి. తీగలు బయటపడిన టైరు మీద మాత్రం ఈ పని చేయకూడదు, వేలు తెగుతుంది. ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపపు పళ్లలా తగిలితే టో తప్పినట్టే. బయటి నుంచి లోపలికి నున్నగా ఉండి, లోపలి నుంచి బయటికి వచ్చేటప్పుడు పళ్లు తగిలితే చక్రాలు ఎక్కువగా లోపలికి మొగ్గి ఉన్నాయి, దీనికి విరుద్ధంగా ఉంటే బయటికి మొగ్గి ఉన్నాయి. కంటికి అరుగుదల కనిపించడానికి ఎంతో ముందే చేతికి ఈ పళ్లు తెలుస్తాయి, అందుకే నెలకోసారి చేసే ఈ చిన్న పరీక్షకు అంత విలువ. పళ్లు లేకుండా ఒక అంచు మాత్రమే ఏటవాలుగా అరిగితే అనుమానం క్యాంబర్ మీదికి పోవాలి. అంటే చక్రం నిలువుగా కాకుండా ఒక పక్కకు వాలి ఉంది.

అలైన్‌మెంట్ చేయించినా నెల తిరగకుండానే మళ్లీ అదే అరుగుదల మొదలైందన్న మాట ఆటోనగర్‌లో వినడం కష్టం కాదు. ఇందులో యంత్రం తప్పు తక్కువ, వరస తప్పు ఎక్కువ. టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, కొన్ని బండ్లలో కింగ్ పిన్లు, కంట్రోల్ ఆర్ముల బుష్‌లు, హబ్ బేరింగులు, చక్రాన్ని పట్టి ఉంచే ఈ భాగాల్లో ఏది లూజుగా ఉన్నా యంత్రం మీద సరిచేసిన కొలత బండి కదిలిన మరుక్షణం మారిపోతుంది. నిలబడి ఉన్న బండి మీద కొలిచిన 1 మిల్లీమీటరు టో, 60 కిలోమీటర్ల వేగంలో లూజంతా ఒక పక్కకు చేరాక 4 మిల్లీమీటర్లు కావచ్చు. కాబట్టి అలైన్‌మెంట్ చేయించకముందే బండి ముందు భాగాన్ని జాకీ మీద లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. కదలిక ఉంటే బేరింగో, బాల్ జాయింటో, కింగ్ పిన్నో అరిగింది. కుడి ఎడమల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్లను, స్టీరింగ్ లింకులను చూడాలి. ఇంకా నమ్మకమైన పరీక్ష బండిని నేల మీదే ఉంచి చేసేది: ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుండగా, మరొకరు పక్కనుంచి ఒక్కో జాయింటును గమనిస్తే, ఏది ముందు కదిలి ఏది ఆలస్యంగా కదులుతోందో స్పష్టంగా కనిపిస్తుంది. గ్రీజు నిప్పుల్ ఉన్న జాయింట్లకు వానాకాలం ముగిశాక తప్పనిసరిగా గ్రీజు కొట్టించాలి. నగరంలో నీళ్లు నిలిచే అండర్‌పాసుల్లోంచి వెళ్లిన బండికి ఆ బురదనీరు జాయింట్లలోనే మిగిలిపోతుంది.

అలైన్‌మెంట్ కేంద్రంలో అడగవలసింది ఒకటే, సరిచేయకముందు కొలతలు, సరిచేశాక కొలతలు రెండూ ఉన్న ప్రింటు. చాలాచోట్ల టో ఒక్కటే సరిచేస్తారు, ఎందుకంటే అనేక పికప్‌లలో సులభంగా తిప్పగలిగేది అదొక్కటే. క్యాంబర్, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) ప్రింటులో ఎర్ర రంగులో కనిపిస్తున్నా ఏమీ కాదని చెప్పి పంపడం సరైన పని కాదు. ఆ రెండూ తప్పాయంటే బుష్ అరిగి ఉండాలి, స్ప్రింగు కూలి ఉండాలి, లేదా గుంతలో పడి ఏదో భాగం వంగి ఉండాలి. ప్రింటు చేతిలో ఉంటే తర్వాతి సారి దేనితో పోల్చాలో తెలుస్తుంది.

బరువు సంగతి ఇక్కడే చూడాలి. పికప్‌ను ఖాళీగా యంత్రం మీదికి ఎక్కిస్తారు, కానీ అది రోజంతా 1 నుంచి 2 టన్నుల సరుకుతో తిరుగుతుంది. విడి సస్పెన్షన్ ఉన్న, అంటే ఒక్కోటి విడిగా పైకీ కిందికీ కదిలే ముందు చక్రాలకు బండి ఎత్తు మారితే క్యాంబర్, టో రెండూ కొంత మారతాయి. కమాన్ కట్టలతో, ఒకే దూలంలాంటి యాక్సిల్ ఉన్న బండ్లలో క్యాంబర్ అంతగా మారదు గానీ క్యాస్టర్ మారుతుంది, స్టీరింగ్ లింకు కోణం మారుతుంది. సరుకు వెనక యాక్సిల్‌కు కూడా వెనకగా వేలాడితే, ఇనుప కడ్డీలు, పొడవాటి పైపులు మోసేటప్పుడు ఇదే జరుగుతుంది, ముందు భాగం తేలికై పైకి లేస్తుంది. స్టీరింగ్ సుఖంగా తిరుగుతోందని డ్రైవరు అనుకుంటాడు, నిజానికి ముందు టైరుకు పట్టు తగ్గింది. బండి ఎప్పుడూ బరువుతోనే తిరిగేదైతే, మామూలు సరుకులో సగమైనా వేసుకుని అలైన్‌మెంట్ కొలిపించుకోవడం మంచిది. యంత్రం, ర్యాంపు ఎంత బరువు మోయగలవో ముందే అడగాలి.

ఇక గాలి. పంక్చర్ షాపులో నాలుగు టైర్లకూ ఒకే లెక్కన గాలి కొట్టించుకోవడం నగరంలో ఎంత మామూలైన అలవాటో, పికప్‌కు అంత హానికరమైన అలవాటు. తలుపు పక్కన అతికించిన స్టిక్కర్‌లోనో, యజమాని పుస్తకంలోనో ముందు టైరుకు ఒక లెక్క, వెనక టైరుకు మరో లెక్క ఉంటాయి, ఖాళీ బండికి, నిండు బండికి కూడా తేడా ఉండవచ్చు. వెనక వేయవలసిన గాలి ముందు వేస్తే టైరు మధ్య గీత మీద నడుస్తుంది, మధ్య భాగం అరుగుతుంది, గుంతల దెబ్బ నేరుగా జాయింట్లకు తగులుతుంది. తక్కువ వేస్తే రెండు అంచులూ అరుగుతాయి. అంతకంటే ముఖ్యంగా, మెత్తబడిన టైరు మలుపులో మరింత వంగి పక్కకు మరింత ఎక్కువగా రాసుకుంటుంది. టైరు గోడ మీద రాసి ఉన్న గరిష్ఠ ఒత్తిడి వేయవలసిన ఒత్తిడి కాదు, అది దాటకూడని హద్దు.

ఒత్తిడి చూడవలసింది టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే ఉదయం బండి తీయకముందు, లేదా కనీసం మూడు గంటలు నిలిపాక. 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చుట్టుపక్కల గాలి ఉన్న టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే ఒత్తిడి సుమారు 2 పీఎస్‌ఐ మారుతుంది. మే నెలలో 40 డిగ్రీల మధ్యాహ్నం సరిచూసిన టైరు, జనవరిలో 15 డిగ్రీల తెల్లవారుజామున, గాలి ఏమాత్రం కారకపోయినా, 5 పీఎస్‌ఐ తక్కువ చూపుతుంది. టైరు నుంచి సహజంగా పోయే గాలి దీనికి అదనం. ఎండాకాలంలో దీనికి విరుద్ధమైన తప్పు జరుగుతుంది: ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు నడిచి వచ్చిన బండి టైరులో ఒత్తిడి పెరిగి కనబడగానే, పేలుతుందన్న భయంతో గాలి తీసేస్తారు. అది చల్లారాక తక్కువ గాలితో మిగులుతుంది, మరుసటి రోజు ఎక్కువగా వంగుతుంది, ఎక్కువగా వేడెక్కుతుంది. పేలుడుకు దారి వేసేది తీసేసిన ఆ గాలే. నైట్రోజన్ పట్టిస్తే ఈ బాధ ఉండదన్న ప్రచారాన్ని కూడా జాగ్రత్తగా చూడాలి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి వ్యాకోచించడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ డబ్బుతో ఒక మంచి గేజి కొనుక్కుంటే, షాపుల గేజిల మధ్య తేడాల గొడవ తీరుతుంది.

ఎడమ ముందు టైరు బయటి అంచే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు హైదరాబాద్ రోడ్ల తీరులో ఉంది. సిగ్నల్ కూడళ్లను మూసి యూటర్న్‌లు పెట్టిన రోడ్లు నగరంలో చాలా ఉన్నాయి. ఎడమ వైపు నడిచే మన దేశంలో యూటర్న్ అంటే ఎప్పుడూ కుడికే, చౌరస్తాలో గుండ్రటి దిమ్మె చుట్టూ తిరగడమూ కుడికే. కుడికి తిరిగే బండి బరువు ఎడమకు ఒరుగుతుంది, ఎడమ ముందు టైరు బయటి అంచు మీద పడుతుంది. ఒక్కరోజులో పదుల సార్లు అదే అంచు నేలకు నొక్కుకుని రాసుకుంటే, ఒక పక్కకే అడుగు వేసే మనిషి చెప్పు మడమలా, ఆ వైపే అరుగుతుంది. పైగా వాన నీరు పోవడానికి రోడ్డు ఎడమకు కొంచెం వాలుగా ఉంటుంది, మ్యాన్‌హోల్ మూతలు, తవ్వి పూడ్చిన గుంతలు కూడా ఎక్కువగా ఎడమ అంచునే ఉంటాయి. కుడి వైపు నడిచే అమెరికాలో ఈ లెక్క తారుమారవుతుంది.

మలుపులో పక్కకు లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 8 మీటర్ల వ్యాసార్ధంలో 20 కిలోమీటర్ల వేగంతో తిరిగే బండి మీద ఆ బలం దాని బరువులో సుమారు 40 శాతం. అదే మలుపును 10 కిలోమీటర్ల వేగంతో తిరిగితే 10 శాతం మాత్రమే. యూటర్న్ దగ్గర అదనంగా ఆగే రెండు మూడు క్షణాలు టైరుకు ఇచ్చే ఆయుష్షు, ఖరీదైన ఏ బ్రాండు రబ్బరూ ఇవ్వలేనిది. దీనితో సమానమైన మరో అలవాటు, నిలబడి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పడం. పవర్ స్టీరింగ్ రాకముందు డ్రైవరు భుజాలే ఆ పనిని ఆపేవి, ఇప్పుడు ఒక వేలితో తిరుగుతుంది గనుక బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ సందుల్లో సరుకు దించే చోట, సిమెంటు రోడ్డు మీద, బండి కదలకుండానే స్టీరింగును చివరిదాకా తిప్పడం కనిపిస్తుంది. ఆ రాపిడి ముద్ర నేల మీద నల్లగా మిగులుతుంది, అది టైరు నుంచి వచ్చిన రబ్బరే. బండి అంగుళం కదులుతుండగా తిప్పినా ఆ రాపిడి ఎంతో తగ్గుతుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు లోపలి చక్రం, బయటి చక్రం తిరగవలసిన కోణాలు పూర్తిగా కుదరవు కాబట్టి, వీలైన చోట కాస్త విశాలంగా తిరగడం కూడా మేలు. శంషాబాద్ నుంచి పటాన్‌చెరుకు ఔటర్ మీదే తిరిగే బండికీ, పాతబస్తీ సందుల్లో తిరిగే బండికీ ఒకే టైరు వేస్తే, రెండింటి ఆయుష్షులో కనిపించే తేడాకు ఇదే మూలం.

అమెరికాలో హెవీ డ్యూటీ అనే పికప్‌ల విషయంలో ఈ సమస్యలన్నీ పెద్దవై కనిపిస్తాయి. రామ్ 2500, 3500 బండ్లలో వాడే 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజన్ ఒక్కటే దాదాపు అర టన్ను ఉంటుంది, అంటే అక్కడ ఖాళీ బండికి కూడా ముందు టైరు మీద భారీ బరువే. వాటిలోనూ, ఫోర్డ్ సూపర్ డ్యూటీ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలోనూ ముందు యాక్సిల్ ఒకే దూలం. ఫోర్డ్‌లో క్యాంబర్ మార్చాలంటే పై బాల్ జాయింట్ దగ్గరి బుష్‌ను వేరే కోణం ఉన్నదానితో మార్చాలి. ఆ పని చేయడానికి ఇష్టపడని కేంద్రాలు టో ఒక్కటే సరిచేసి పంపడం అక్కడా ఉన్నదే. ఇక్కడ ఆ బండ్లు అరుదు. కానీ ఇసుజు వీ-క్రాస్, 2022లో వచ్చిన టొయోటా హైలక్స్ లాంటి బండ్లకు ఎత్తు పెంచి, బయటికి పొడుచుకొచ్చే వెడల్పు రిమ్ములు, పెద్ద బటన్ల (విడివిడి రబ్బరు దిమ్మెల) ఆల్ టెరైన్ టైర్లు వేయించుకునేవారు ఆ పాఠాన్ని గమనించాలి. ఎత్తు పెంచితే కోణాలు మారతాయి, రిమ్ము బయటికి జరిగితే టైరు స్టీరింగ్ ఇరుసుకు దూరమై తిరిగినప్పుడల్లా ఎక్కువ రాసుకుంటుంది, పెద్ద బటన్లు విడివిడిగా వంగి పళ్లలా అరుగుతాయి. నగరంలోనే తిరిగే బండికి ఈ మూడూ కలిపి వేయడం ముందు టైర్లకు చేసే అన్యాయం.

టైర్లు మార్చి వేయడం, అంటే ముందువి వెనక్కి, వెనకవి ముందుకు, అరుగుదలకు చికిత్స కాదు. అది అరుగుదలను నాలుగు టైర్లకూ పంచడం మాత్రమే. అయినా చేయాలి, 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి, అదీ పళ్లు చేతికి తగలడం మొదలవగానే. లోతుగా పడిన రంపపు అరుగుదల వెనక్కి వేసినా తొందరగా సర్దుకోదు, శబ్దం అలాగే ఉంటుంది. మార్చిన వెంటనే గాలి సరిచేయకపోతే వెనక టైరుకు పట్టించిన ఎక్కువ గాలి ముందుకు వచ్చేస్తుంది, ఇది చాలామంది మరిచిపోయే సంగతి. ముందు గీతల టైర్లు, వెనక బటన్ టైర్లు వేసిన బండిలో ఈ మార్పిడి కుదరదు, అక్కడ ముందు రెండింటినీ కుడి ఎడమలుగా మార్చుకోవచ్చు, టైరు మీద తిరిగే దిశ బాణం గుర్తు లేకపోతేనే. సమానంగా అరిగిన టైరుకు మరో లాభం ఉంది. దాని లోపలి పొరలు చెక్కుచెదరవు కాబట్టి తర్వాత రీట్రెడ్ చేయించి, అంటే పైన కొత్త రబ్బరు పొర వేయించి, వెనక వేసుకోవచ్చు. ఒక అంచు తీగల దాకా పోయిన టైరుకు ఆ అవకాశం ఉండదు, మిగిలిన మంచి రబ్బరంతా తుక్కుకే పోతుంది.

టైరు చుట్టూ అక్కడక్కడ గిన్నెల్లాంటి పల్లాలు కనిపిస్తే అది షాక్ అబ్సార్బర్ల పని, కొన్నిసార్లు బ్యాలెన్సింగ్ లోపం. చక్రం నేల మీద ఎగిరెగిరి పడుతోంది. ఇందులో అలైన్‌మెంట్ చేయగలిగింది ఏమీ లేదు.

డబ్బు ఒకేసారి పెట్టలేని యజమాని ఏది ముందు చేయించాలన్నది న్యాయమైన ప్రశ్నే. గాలి ముందు, అది దాదాపు ఉచితం. తర్వాత లూజు జాయింట్లు, బేరింగులు, ఎందుకంటే వాటి వల్ల టైరుతో పాటు ప్రాణానికీ ముప్పు. ఆ తర్వాతే అలైన్‌మెంట్. కొత్త టైర్లు అన్నిటికంటే చివర. కానీ జరిగేది తరచుగా దీనికి తలకిందులు: రాణిగంజ్‌లో బేరమాడి జత కొత్త టైర్లు కొంటారు, పాత లూజు జాయింట్ల మీదే బిగిస్తారు, పాత టైర్లను తిన్న రోగం కొత్తవాటిని మొదటి రోజు నుంచే తినడం మొదలుపెడుతుంది. కొత్తవి వేసేటప్పుడు గోడ మీది నాలుగంకెల తయారీ తేదీ చూడాలి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. లోడ్ ఇండెక్స్, అంటే టైరు మోయగల బరువును సూచించే అంకె, బండి కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు, 100 అంటే ఒక్కో టైరుకు 800 కిలోలు, 108 అంటే 1,000 కిలోలు. బిగించిన తర్వాత 1,500 కిలోమీటర్లకు ఒకసారి బండి ఆపి, నాలుగు టైర్లూ చల్లారనిచ్చి, అరచేతిని రెండు దిశల్లోనూ రాసి చూడాలి. ఆ దశలో పళ్లు తగిలితే ఇంకా పోయింది ఒక మిల్లీమీటరు లోపు రబ్బరే, అలైన్‌మెంట్ కేంద్రానికి ప్రింటు పట్టుకుని తిరిగి వెళ్లవలసిన సమయం అదే.